ప్యాకెట్లకు సహజ న్యాయం

విశాఖపట్నంలో సముద్రం కనిపించని వైపు కొండ మీద రాష్ట్ర కంప్యూటర్ స్వావలంబన సంస్థ అని ఒకటి ఉండేది. పరాయివాళ్ళ ఆపరేటింగ్ సిస్టంల మీద ఆధారపడటం ఆత్మగౌరవానికి భంగమని తలచి ప్రభుత్వం వారు సొంతంగా ఒకటి తయారు చేయించుకుని, దానికి ‘దీప్తి’ అని నామకరణం చేశారు. కలెక్టరాఫీసు నుంచి రేషను గోదాము దాకా సర్కారు కంప్యూటర్లన్నీ దీప్తి మీదే నడిచేవి. నడిచేవి అనడం కొంత మర్యాద.

దీప్తికి గుండెకాయ కెర్నల్. ఆ కెర్నల్ గుమ్మంలో కాపలా కూర్చునే కోడ్ ఒకటుంది. దాని ఆలనా పాలనా సుభాషిణిది. తీగ వెంట బయటి నుంచి వచ్చే సమాచారమంతా చిన్న చిన్న ప్యాకెట్లుగా వస్తుంది. ఆ కోడ్ ప్రతి ప్యాకెట్‌నీ ఎగాదిగా చూసి, పని మీద వచ్చిందైతే లోపలికి పంపుతుంది, దొంగదైతే పారేస్తుంది. పారేసినట్టు ఎవరికీ చెప్పదు. తలుపు తట్టేవాడు దొంగని తెలిశాక, ‘ఇంట్లోనే ఉన్నాం గానీ తియ్యం’ అని కేకేసి చెప్పేవాళ్ళుండరు. లోకంలో ఎక్కడైనా ఆ పని ఇలాగే జరుగుతుంది.

సుభాషిణి పేరులో ఉన్న మెత్తదనం ఆవిడ నోట్లో లేదు. తన కోడ్ మీద ఇంకొకరి చెయ్యి పడితే, వంటింట్లో పోపు డబ్బా సర్దేసిన ఆడపడుచుని చూసినట్టు చూసేది. ఎన్నో ఏళ్ళుగా అక్కడే పని చేస్తున్నా ఆవిడ ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. అంటే పని సంస్థది, జీతం ఏజెన్సీది, తిట్లు ఇద్దరివీ. ఆవిడ ఉద్యోగాన్ని క్రమబద్ధీకరించే ఫైలు ఎక్కడో కదులుతోందని అందరూ అనేవారు. “కదిలిందా?” అని భర్త రోజూ అడిగేవాడు, పొద్దున్నే పాలు వచ్చాయా అని అడిగినట్టు.

ఇలా ఉండగా సంస్థకు కొత్త డైరెక్టరుగా వాచస్పతిగారు వచ్చారు. అంతకుముందు ఆయన న్యాయశాఖలో పెద్ద హోదాలో ఉండేవారు. కంప్యూటరు తెలియదని దాచుకునేవారు కాదు. “తెలిసినవాడికి పక్షపాతం ఉంటుంది” అనేవారు.

మొదటి సమీక్షా సమావేశంలో గోడ మీద చూపించిన బొమ్మలో ఒక ఎర్ర గీత ఆయన కంట పడింది.

“ఆ గీత ఏమిటి?”

“తిరస్కరించిన ప్యాకెట్లండి” అంది సుభాషిణి.

“అంత పొడుగుందేం?”

“దొంగలు ఎక్కువండి.”

“దొంగలని ఎవరు నిర్ధారించారు?”

“నా కోడండి.”

“వారి వాదన విన్నారా?”

సుభాషిణి నవ్వింది. గదిలో ఇంకెవరూ నవ్వలేదు. అప్పుడు నవ్వు మింగేసింది.

వాచస్పతిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “చూడమ్మా, ఉరికంబం ఎక్కబోయేవాడిని కూడా చివరిగా ఏమైనా చెప్పుకుంటావా అని అడుగుతాం. ఇక్కడ ప్రజాధనంతో నడిచే ఒక యంత్రం, గుమ్మంలోకి వచ్చిన దరఖాస్తుదారుని కారణం చూపకుండా, విచారణ జరపకుండా, ఏకపక్షంగా అంతం చేస్తున్నది. ఇది సహజ న్యాయ సూత్రాలకు గొడ్డలిపెట్టు.”

“అవి మనుషులు కాదండి. ప్యాకెట్లు.”

“ప్యాకెట్ వెనక మనిషి ఉంటాడా, ఉండడా?”

“ఉంటాడండి. వాడే దొంగ.”

“అనుమానితుడు” అని సవరించారు వాచస్పతిగారు.

మర్నాటికల్లా మెమో వచ్చింది. ‘దీప్తి వ్యవస్థ యందు ప్రవేశమును కోరు ఏ ప్యాకెట్టును గాని, తగు కారణములు తెలుపుచూ నోటీసు జారీ చేయకుండ, మరియు తన వాదన వినిపించుకొను అవకాశము కల్పించకుండ, తిరస్కరించరాదు’ అని దాని సారాంశం. సారాంశం కానిది కూడా చాలా ఉంది.

సుభాషిణి ఆ కాగితం పట్టుకుని సెక్షన్ సూపరింటెండెంటు మస్తాన్‌వలీగారి దగ్గరకు పరిగెత్తింది. రెవెన్యూలో, రవాణాలో, పశుసంవర్ధకంలో పని చేసి వచ్చిన ఒంగోలు మనిషి ఆయన. దేనికీ ఆశ్చర్యపోవడం మానేసి చాలాకాలమైంది.

“ఏందమ్మా కంగారు?” అన్నాడాయన కళ్ళెత్తకుండా. “గేదెలకి ఆదాయ ధ్రువీకరణ పత్రం అడిగిన ఆఫీసరు కింద కూడా చేశా నేను. ఇచ్చినయ్యి కూడా.”

“గేదెలా?”

“తహసీల్దారు ఇచ్చాళ్లేమ్మా. గేదెలు తీసుకున్నయ్యి.”

సుభాషిణి నేరుగా వాచస్పతిగారినే అడిగింది. “నోటీసుకు జవాబు వచ్చేదాకా ఆ ప్యాకెట్‌ని ఎక్కడ ఉంచాలండి?”

“బయట నిలబెట్టడం అమర్యాద కదా. లోపలే కూర్చోబెట్టండి.”

“లోపల కూర్చోబెట్టాక ఇంక ఆపేదేముందండీ?”

“తాత్కాలికంగా అమ్మా, తాత్కాలికంగా! తుది నిర్ణయానికి లోబడి.” ఆయన గొంతు తగ్గించారు. “అన్నట్టు, మీ క్రమబద్ధీకరణ ఫైలు నా బల్ల మీదకే వచ్చినట్టుంది. సంస్కరణలకు సహకరించే సిబ్బంది పట్ల నేను సానుకూల దృక్పథం కలిగివుంటాను.”

సుభాషిణి తన సీటులోకి వచ్చి కూర్చుంది. చెయ్యబోయేది వెధవ పని అని ఆవిడకు తెలుసు. ఫైలు బల్ల మీద ఉందనీ తెలుసు. ఈ రెంటిలో రెండోదే బరువుగా తోచింది. కోడ్ రాసింది. నోటీసు జారీకి ఒక విభాగం, జవాబుల స్వీకరణకు ఒకటి, తాత్కాలిక ప్రవేశానికి ఒకటి. చెడ్డ పనినైనా చెడగొట్టి చెయ్యడం ఆవిడకు చేతకాదు కాబట్టి అది తొలిరోజు నుంచే నిక్షేపంగా పని చేసింది.

నోటీసులు బయలుదేరాయి. ఇన్నాళ్ళూ తలుపు తట్టి తట్టి, లోపల మనుషులున్నారో లేరో తెలియక విసిగిపోయిన దొంగలకి ఇంటి యజమాని నుంచి మొదటిసారిగా ఉత్తరం అందింది. అందులో ఏ తలుపు దగ్గర, ఏ కారణంగా ఆపారో వివరంగా ఉంది. వాళ్ళు ఆ కారణాలు సరిచేసుకుని మళ్ళీ వచ్చారు. చుట్టాలను కూడా తెచ్చారు.

జవాబివ్వని వాటికి వ్యక్తిగత విచారణ తేదీలు పడ్డాయి. విచారణాధికారి మస్తాన్‌వలీగారు. అటెండరు వరండాలో నిలబడి ప్యాకెట్ వచ్చిన అడ్రసు నంబరును ముమ్మారు పిలిచేవాడు. “నూటా తొంభైరెండు చుక్క నూటా అరవైయెనిమిది... గారూ! హాజరా?” వరండాలో టీ తాగుతున్నవాళ్ళు అటూ ఇటూ చూసుకునేవారు. మస్తాన్‌వలీగారు ‘ప్రతివాది గైర్హాజరు, వాయిదా’ అని రాసేవాడు. వాయిదా పడ్డంతకాలం ప్యాకెట్ లోపలే ఉండాలి కదా, ఉండేది.

గోదాముల్లో బియ్యం బస్తాలు కంప్యూటరులో పంచదారగా మారాయి. ఒక మండలంలో బతికున్న పింఛనుదార్లందరూ చనిపోయినట్టూ, చనిపోయినవాళ్ళు పింఛను పుచ్చుకుంటున్నట్టూ నమోదైంది.

“మొదటిది ప్యాకెట్ల పనేనమ్మా” అన్నాడు మస్తాన్‌వలీగారు. “రెండోది మాత్రం వాటి మీదకి నెట్టమాక. అది అంతకుముందు నుంచీ ఉంది.”

ఇక అసలు పని మీద వచ్చే ప్యాకెట్లు, అంటే రైతు భూమి పత్రం కోసమో పిల్లవాడి హాల్‌టికెట్టు కోసమో వచ్చేవి, గుమ్మంలో పడిగాపులు పడేవి. యంత్రానికి నోటీసులు రాయడంతోనే సరిపోయేది మరి. ఈ మంచి ప్యాకెట్ల సంగతేమిటని సుభాషిణి అడిగితే, వాచస్పతిగారు ఓపికగా వివరించారు. “వాటి మీద అభియోగం లేదు. అభియోగం లేదు కనుక ఫైలు లేదు. ఫైలు లేనివారి గురించి మనం ఏమి చేయగలం?”

ఇంతలో లోపల తాత్కాలికంగా కూర్చున్న ప్యాకెట్లు పోగుపడ్డాయి. వీటికి ఒక దారి చూపించాలని వాచస్పతిగారు ఆలోచించారు. దీర్ఘకాలంగా తాత్కాలిక ప్రాతిపదికన లోపల ఉంటున్న ప్యాకెట్లను మానవతా దృక్పథంతో శాశ్వతంగా క్రమబద్ధీకరిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. దానికి చిన్న సభ, జ్యోతి ప్రజ్వలన, ఒక శాలువా. ప్యాకెట్ల తరఫున శాలువా సర్వరుకు కప్పారు. ఫ్యాను గాలి ఆడక అది కాసేపు మూలిగింది.

సుభాషిణి వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. మొన్నమొన్న గోడ దూకి వచ్చిన దొంగ ప్యాకెట్ పర్మనెంటయింది. తను కాలేదు. సభ అయ్యాక అదే మాట అడిగేసింది.

“మీది వేరే ఫైలమ్మా” అన్నారు వాచస్పతిగారు. “ఆర్థికశాఖ అభ్యంతరం ఉన్నది. ప్యాకెట్ల విషయంలో అటువంటి అభ్యంతరం ఎవరూ లేవనెత్తలేదు.”

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అంబులెన్సుల కంట్రోల్ రూం నుంచి ఫోను వచ్చింది. చేసింది అక్కడ డ్యూటీ చూసే ఝాన్సీ. “మేడం, మీ ఆఫీసు నుంచి మాకేవో నోటీసులు వస్తన్నాయి. వరద మేడం అది, ఆగట్లేదు. స్క్రీన్లన్నీ బిగుసుకుపోయాయి. పాడేరు ఘాట్ కింద ఊళ్ళో పురుటి నొప్పుల కేసుంది. అటు ఏ బండి దగ్గరుందో కూడా కనపడట్లేదు మేడం!”

సుభాషిణికి విషయం అర్థమైంది. ఎవడో కుర్రకుంక కవరు వెనక తన అడ్రసుకు బదులు పక్కింటివాళ్ళది రాసినట్టు, దొంగ ప్యాకెట్ల మీద అంబులెన్సుల వాళ్ళ అడ్రసు వేసి పంపుతున్నాడు. దీప్తి ఒక్కోదానికి ఒక్కో నోటీసు మర్యాదగా వాళ్ళకి రాస్తోంది. అదీ కారణాలతో సహా, చాంతాడంత. వాడు విసిరేది గులకరాయి, తను రాసిన కోడ్ దాన్ని బండరాయి చేసి అంబులెన్సుల వాళ్ళ నెత్తిన వేస్తోంది.

డైరెక్టరు గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళింది.

“నోటీసులు వెంటనే ఆపాలండి!”

అంతా విని వాచస్పతిగారు తల పంకించారు. “విచారకరం. అయితే నోటీసు అందుకోవడం అనేది ప్యాకెట్ హక్కు. హక్కును ఉపసంహరించాలంటే ముందుగా వారికి నోటీసు ఇవ్వాలి.”

“నోటీసులు ఆపడానికి నోటీసులా?”

“సహజంగా. లేదా ఆ కంట్రోల్ రూం వారే మన నోటీసులకు సకాలంలో జవాబు ఇవ్వవచ్చును కదా? వారి నిర్లక్ష్యానికి మనమెందుకు బాధ్యులం? ఒక ఉపసంఘాన్ని వేద్దాం. వారి నివేదిక...”

“సార్, అక్కడ పురుడు ఆగదండి!”

“తాత్కాలికంగా?” అన్నారాయన. నిజంగానే అడిగారు.

సుభాషిణి గిరుక్కున వెనక్కి తిరిగింది. సీటులోకి వచ్చి, తను రాసిన విభాగాలన్నిటినీ తన చేత్తోనే పీకేసి, పాత పద్ధతిలో ‘పారెయ్’ అని ఒక్క మాట రాసి యంత్రానికెక్కించింది. నోటీసులు టక్కున ఆగిపోయాయి. వచ్చిన దొంగ ప్యాకెట్ వచ్చినట్టే మాయమవుతోంది. ఝాన్సీతో ఫోను పెట్టెయ్యకుండా అలాగే ఉంది. కాసేపటికి అవతల నుంచి, “కదిలింది మేడం, స్క్రీను కదిలింది. మాడుగుల బండి దగ్గర్లో ఉంది, పంపించేశాను” అని వినబడింది. తరవాత చాలాసేపు ఏమీ లేదు. సుభాషిణి గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. ఈ కోడ్ ఎందుకు రాశానా అనుకుంది. ఎందుకు రాసిందో ఆవిడకు తెలుసు.

సాయంత్రానికి కబురొచ్చింది. ఘాట్ మలుపులో బండిలోనే ప్రసవమైందట. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. సుభాషిణి బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. మస్తాన్‌వలీగారు మంచినీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళేలోపే ఏజెన్సీ వాడు ఫోను చేశాడు. “మేడం, రేపట్నుంచి మీరు రానక్కర్లేదంట.”

“కారణం?”

“మాకు చెప్పలేదు మేడం.”

సుభాషిణి వాచస్పతిగారికి ఫోను చేసింది. “అసంఖ్యాకమైన ప్యాకెట్లను మీరు విచారణ లేకుండా తిరస్కరించారు. ఘోరమైన క్రమశిక్షణారాహిత్యం” అన్నారాయన.

“నాకు నోటీసేదండీ? నా వాదన ఎవరు విన్నారు?”

“మీరు ఔట్‌సోర్సింగ్ కదమ్మా” అన్నారాయన, చిన్నపిల్లకు చెబుతున్నట్టు. “సహజ న్యాయం మీకు వర్తించదు.”

ఆ రాత్రి ఆవిడ పీకేసిన నోటీసుల కోడ్‌ని మళ్ళీ ఎక్కించారు. అంబులెన్సుల వారికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. మానవతా దృక్పథమే.

మర్నాడు తన కప్పూ, కుర్చీ మీది దిండూ తెచ్చుకుందామని సుభాషిణి ఆఫీసుకు వెళ్ళింది. గేటు దగ్గర కాపలా ఉండే అప్పలనాయుడు ఆవిడని చూసి మొహం దించుకున్నాడు.

“మేడమ్, తమర్ని లోనకి ఒగ్గొద్దన్నారు. కార్డు కూడా రద్దు సేసినారంట. నానేటి సేత్తాను సెప్పండి.”

“కప్పు తెచ్చుకుని పోతానయ్యా. ఒకసారి గీసి చూడనీ” అంది, ఏదో అలవాటుగా కార్డు యంత్రానికి ఆనిస్తూ.

ఎర్రదీపం వెలిగింది. ఆ తరవాత యంత్రం కాసేపు గురగురలాడింది. అదీ దీప్తి మీద నడిచేదే. ఆవిడ కార్డు పంపిన కోరిక కూడా ఒక ప్యాకెటే. రద్దయిన కార్డు గనక తిరస్కరించాలి. తిరస్కరించాలంటే నోటీసివ్వాలి. తెర మీద అక్షరాలు వచ్చాయి. ‘మీ ప్రవేశమును ఏల తిరస్కరించరాదో తెలుపవలసినది. అంతవరకు తాత్కాలిక ప్రవేశము అనుమతించడమైనది.’ గేటు బార్లా తెరుచుకుంది.

అప్పలనాయుడు తెరనీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. “తెరిసీసింది మేడమ్! ఎల్లిపోండి, ఎల్లిపోండి. ఒగ్గొద్దని నాకు సెప్పినారు గానీ దానికి సెప్పనేదు.”

సుభాషిణి లోపలికి వెళ్ళింది. కప్పు చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం ఆలోచించి, అందులో టీ పోయించుకుని తన సీటులో కూర్చుంది.

వాచస్పతిగారికి తెలిసి మండిపడ్డారు. “గెంటేయండి!”

మస్తాన్‌వలీగారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “గెంటొచ్చు సార్. కాకపోతే ఆమెకి మీ ఉత్తర్వు కిందే తాత్కాలిక ప్రవేశం ఇచ్చిందండి మిషను. విచారణ లేకుండా ఈమెని గెంటితే, రేపు మిగతా ప్యాకెట్లని కూడా గెంటొచ్చని ఎవరైనా అంటారు సార్. అప్పుడు క్రమబద్ధీకరణ చెల్లదు. ఢిల్లీ వాళ్ళు మీకు సంస్కర్త అవార్డు ఇస్తామన్నారు, అదీ...”

వాచస్పతిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “విచారణ తేదీ వేయండి” అన్నారు.

విచారణ రోజు అటెండరు వరండాలో ఆవిడ కార్డు నంబరు ముమ్మారు పిలిచాడు. సుభాషిణి ఎదురుగా బెంచీ మీదే కూర్చుని ఉంది. పలికితే వాదన వినాలి, విన్నాక తేల్చాలి, తేలిస్తే పంపించేయాలి. మస్తాన్‌వలీగారు ఆవిడ వైపు చూడకుండా, “ప్యాకెట్లు పలకవమ్మా, ఆ సంగతి నీకు తెలుసు కదా” అని కాగితాలతో చెప్పినట్టు చెప్పాడు. ఎప్పుడూ నోరు ఆగని సుభాషిణి ఆ ఒక్కసారి నోరు మూసుకుంది. ‘ప్రతివాది గైర్హాజరు, వాయిదా.’

అలా వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఆవిడ రోజూ వచ్చేది, గేటు రోజూ నోటీసిచ్చి తెరుచుకునేది. రెండో విడత క్రమబద్ధీకరణ జాబితాలో ఆవిడ కార్డు నంబరు కూడా వచ్చింది. ముందు ఒక లాటరీ మోసగాడి ప్యాకెట్, వెనక ఒక నకిలీ బ్యాంకు ప్యాకెట్, మధ్యలో ఆవిడ. ఆర్థికశాఖ అభ్యంతరం చెప్పలేదు. భర్త స్వీట్లు తెచ్చాడు. ఆవిడ ఒకటి తిని, రెండోది తినలేకపోయింది.

తరవాత వాచస్పతిగారికి అవార్డూ, ఇంకా పెద్ద శాఖా వచ్చి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ప్యాకెట్ ఫిల్టరు విభాగానికి అధిపతి పోస్టు ఒకటి మంజూరు చేయించారు. సుభాషిణి ఆశ పడింది. ఆ కోడ్ గురించి తనకంటే తెలిసినవాళ్ళెవరున్నారు? కానీ ప్రమోషన్ సీనియారిటీని బట్టి ఇవ్వాలి. మొదటి విడతలో పర్మనెంటయిన ప్యాకెట్లన్నీ ఆవిడకంటే సీనియర్లు. వాటిలో అన్నిటికంటే ముందు లోపలికి వచ్చిన ప్యాకెట్‌కి పోస్టు దక్కింది. లోపల ఎవరైనా ఉన్నారేమోనని చూడటానికి ఎవడో పంపిన ప్యాకెట్ అది. దానిలో ఉన్నది ఒకే మాట, ‘హలో’.

ఇప్పుడు ఆ విభాగంలో ఏ ఫైలు పైకి పంపినా ‘హలో’ అని వస్తుంది. సిబ్బంది దాన్ని ‘చర్చించండి’ అని కొందరు, ‘చూశాను’ అని కొందరు అర్థం చేసుకుని పని నడిపిస్తున్నారు. దొంగ ప్యాకెట్లను పాత పద్ధతిలో పారేద్దామని సుభాషిణి పంపిన ప్రతిపాదనకూ ‘హలో’ అనే వచ్చింది.

విసుగెత్తి ఆవిడ వారం రోజులు సెలవు కావాలని రాసింది. అదీ తిరిగొచ్చింది. తీసుకెళ్ళి మస్తాన్‌వలీగారికి చూపించింది.

“హలో అంటే ఏమనుకోవాలండీ? ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?”

ఆయన కాగితం వెలుగులో పెట్టి శ్రద్ధగా చదివాడు.

“ఇచ్చినట్టేనమ్మా, పోయిరా” అన్నాడు. “ఇంతకుముందు చేసిన దొరలెవరూ పలకరించను కూడా పలకరించలేదు.”